ట్రేలో పట్టే బ్యాటరీలన్నీ మీ కారుకు సరిపోవు

ప్రశ్న: మాది కావలి. మా ఆయన కువైట్‌లో ఉంటారు. 2020లో కొన్న పెట్రోల్ కారు ఉంది. సిగ్నల్ దగ్గర న్యూట్రల్ చేసి క్లచ్ వదిలితే ఇంజన్ దానంతటదే ఆగిపోయి, క్లచ్ తొక్కగానే మళ్లీ స్టార్టయ్యే రకం. వారానికి ఒకటి రెండుసార్లు అత్తమ్మను ఆసుపత్రికి, పిల్లలను ట్యూషన్‌కు తీసుకెళ్లడానికే బయటికి తీస్తాను. నెల రోజులుగా పొద్దున్నే కీ తిప్పితే టకటకమని శబ్దం తప్ప ఇంజన్ అందుకోవడం లేదు. పక్కింటివాళ్ల కారుకు కేబుల్ కలిపి స్టార్ట్ చేసుకుంటున్నాను. కంపెనీ నుంచి వచ్చిన బ్యాటరీయే ఇంకా ఉంది, దాని మీద ఎన్-55 అని రాసి ఉంది. ఇక్కడి షాపులో 46బి24ఎల్ వేస్తామన్నారు. ‘సైజు ఒకటే అక్కా, రెండు వేలకు పైగా మిగుల్తాయి’ అన్నారు. నెల్లూరులో అడిగితే ఏజీఎం అనే రకం బ్యాటరీ వేయించుకోమన్నారు. మా తమ్ముడికి ఇందుకూరుపేట దగ్గర రొయ్యల చెరువులున్నాయి. జనరేటర్‌కు ఉన్న పెద్ద బ్యాటరీ తెచ్చి పెట్టేస్తానంటున్నాడు. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

సమాధానం: అమ్మా, పాత బ్యాటరీ మీద ఎన్-55 అని ఉందని రాశారు చూడండి, మీ ప్రశ్నకు సగం జవాబు అక్కడే ఉంది. కొత్తది కూడా ఎన్-55 ఏ తీసుకోండి. మీ కారులా సిగ్నల్ దగ్గర ఆగి లేచే కార్ల కోసం చేసిన రకం అది, షాపుల్లో దాన్ని ఈఎఫ్‌బీ అనో, ఐఎస్ఎస్ బ్యాటరీ అనో, స్టార్ట్-స్టాప్ బ్యాటరీ అనో అంటారు. 46బి24ఎల్ వద్దు. ఏజీఎం మీకు అక్కర్లేదు. జనరేటర్ బ్యాటరీ ఆలోచన మానుకోమని తమ్ముడికి చెప్పండి. ఇవన్నీ ఎందుకో కింద వివరంగా రాస్తాను. అయితే డబ్బు తీసే ముందు, తప్పు అసలు బ్యాటరీదేనా అన్నది తేల్చుకోవాలి. బ్యాటరీ మార్చాక కూడా వారానికే మళ్లీ అదే టకటక వినిపించి, షాపువాళ్లతో గొడవ పడేవాళ్లను చాలామందిని చూశాను.

టకటకమని వరసగా శబ్దం వస్తోందంటే లోపల కరెంటు బొత్తిగా లేదని కాదు, సెల్ఫ్ మోటారును తిప్పేంత బలం అందడం లేదని. అందకపోవడానికి కారణం బ్యాటరీ కావచ్చు, దాని మీద కేబుళ్లను పట్టి ఉంచే రెండు క్లాంపులూ కావచ్చు. మీది కావలి. తుమ్మలపెంట వైపు నుంచి వచ్చే ఉప్పుగాలి బోనెట్ కిందికి కూడా పోతుంది. బోనెట్ ఎత్తి, ప్లస్ మీదున్న ఎర్ర మూత తీసి చూడండి. క్లాంపు చుట్టూ తెల్లగానో, పచ్చ కలిసిన నీలంగానో పొడి పేరుకుని ఉందా? పోల్ (బ్యాటరీ పైకి పొడుచుకొచ్చిన సీసపు మొన) మీద క్లాంపు కాస్తయినా కదులుతోందా? అలా ఉంటే ముందు దాని పని చూడాలి.

ఇంజన్ ఆపి, కీ జేబులో పెట్టుకుని (బ్యాటరీ తీసినప్పుడు కొన్ని కార్లు లాక్ పడిపోతాయి), 10 నంబరు స్పానర్‌తో ముందు మైనస్ క్లాంపు, తర్వాత ప్లస్ క్లాంపు తీయించండి. వేణ్నీళ్లలో వంట సోడా కలిపి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే ఆ పొడి బుసబుసమని పొంగి వదిలిపోతుంది. పొడి గుడ్డతో తుడిచి, ఈసారి ముందు ప్లస్, ఆఖరున మైనస్ గట్టిగా బిగించి, పైన పల్చగా వ్యాజిలీన్ రాస్తే చాలు. ఆ పొడి యాసిడ్ వల్ల వచ్చింది, ఒట్టి చేతులతో ముట్టుకోవద్దు. ఇంకొక మాట. మీలాంటి కార్లలో చాలావాటికి మైనస్ క్లాంపును అంటిపెట్టుకుని చిన్న సెన్సర్ ఉంటుంది. బ్యాటరీలోకి ఎంత పోతోంది, ఎంత వస్తోంది అన్న లెక్క కారుకు చెప్పేది అదే. క్లాంపు బిగుసుకుపోయిందని మెకానిక్ సుత్తితో కొడుతుంటే ఆపండి.

శుభ్రం చేశాక కూడా అదే పరిస్థితి అయితే వోల్టులు కొలిచే మల్టీమీటర్ పెట్టించాలి. రాత్రంతా కదలకుండా ఉన్న కారుకు, పొద్దున్నే స్టార్ట్ చేయకముందు చూడాలి. 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పావు, 12.2 అంటే సగం, 12కు దిగువన అంటే దాదాపు ఖాళీ. కానీ ఈ ఒక్క అంకెను నమ్మి ఊరుకోకూడదు. ముసలిబడ్డ బ్యాటరీ కూడా ఊరికే ఉన్నంతసేపు 12.6 చూపిస్తుంది, పని పడగానే కూలిపోతుంది. అందుకే ఒకరు కీ తిప్పుతుండగా ఇంకొకరు మీటర్ చూడాలి. సెల్ఫ్ తిరిగేటప్పుడు అంకె 9.6 కంటే కిందికి పడిపోతే బ్యాటరీలో బలం లేదన్నమాట. నిండా చార్జింగ్ పెట్టాక కూడా అలాగే పడిపోతే ఇక మార్చాల్సిందే.

ఇంజన్ నడుస్తున్నప్పుడు మరోసారి చూడాలి. మామూలుగా 13.8 నుంచి 14.7 మధ్య ఉంటుంది. మీ కారులాంటి వాటిలో, బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్‌ను కంప్యూటరే నడిపిస్తుంది కాబట్టి ఒక్కోసారి అంకె తక్కువగా కనిపిస్తుంది, అది చూసి కంగారు పడొద్దు. హెడ్‌లైట్లు, ఏసీ ఫ్యాను వేసి చూడండి, పెరగాలి. అవన్నీ వేశాక కూడా 13 దాటకపోతే జబ్బు ఆల్టర్నేటర్‌ది, మన మెకానిక్కుల మాటలో డైనమోది. 15 దాటుతుంటే ఇంకా ప్రమాదం, కొత్త బ్యాటరీ వేసినా నెలల్లోనే ఉడికించేస్తుంది. బోనెట్ ఎత్తగానే కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తే కారణం చాలాసార్లు ఇదే.

మీ విషయంలో నాకు అనుమానం ఉన్నది ఇంకొకటి ఉంది. కారు వాడకుండా ఉన్నప్పుడు కూడా లాక్, అలారం, గడియారం, లోపలి కంప్యూటర్లు కొంచెం కొంచెం కరెంటు తాగుతూనే ఉంటాయి. 20 నుంచి 50 మిల్లీయాంపుల దాకా అది మామూలే. 40 అనుకుని లెక్కవేయండి. రోజుకు దాదాపు ఒక యాంపియర్-అవర్ (బ్యాటరీలో ఎంత కరెంటు పడుతుందో చెప్పే కొలత) పోతుంది. మీ సైజు బ్యాటరీ 45 యాంపియర్-అవర్ల దరిదాపుల్లో ఉంటుంది కాబట్టి, మూడు వారాలు కదలకపోతే దాదాపు సగం ఖాళీ. మీరు వారానికి రెండుసార్లు తీస్తున్నారు సరే, కానీ ట్యూషన్ దాకా రెండు కిలోమీటర్లు పోయి రావడంలో, స్టార్ట్ చేయడానికి ఖర్చయినదైనా తిరిగి చేరుతుందో లేదో. పైగా డ్యాష్‌క్యామో, జీపీఎస్ ట్రాకరో తర్వాత బిగించి ఉంటే లెక్క ఇంకా మారిపోతుంది. మీ కారులో అలాంటిది ఉంటే, కారు ఆపి తాళం వేశాక అరగంట ఆగి ఎంత కరెంటు లాగుతోందో మెకానిక్ చేత కొలిపించండి. 100 మిల్లీయాంపులు దాటుతుంటే ముందు ఆ దొంగను పట్టుకోవాలి. లేకపోతే ఎంత మంచి బ్యాటరీ వేసినా దానికీ అదే గతి.

ఇన్ని చెప్పినా, 2020 నుంచి మన ఎండల్లో నడిచిన బ్యాటరీ కాబట్టి దాని పని అయిపోయిందనే నా అంచనా. ఈ రోజుల్లో అన్నేళ్లు వచ్చిందంటే అది మంచి బ్యాటరీయే.

ఇప్పుడు అసలు సంగతి. కావలి షాపాయన ‘సైజు ఒకటే’ అన్నది నిజం. చిక్కు కూడా అక్కడే ఉంది. 46బి24ఎల్ అన్న పేరులో 46 అనేది బలానికి ఇచ్చిన ర్యాంకు, యాంపియర్-అవర్ కాదు. బి అనేది వెడల్పు, ఎత్తుల తరగతి. 24 అంటే పొడవు సుమారు 24 సెంటీమీటర్లు. ఎల్ అంటే రెండు పోల్స్ మీ వైపు ఉండేలా పెట్టుకుని చూస్తే ప్లస్ కుడిచేతి వైపు ఉంటుందని, ఆర్ అయితే ఎడమ వైపు ఉంటుందని. ఇది జపాన్ పద్ధతి. అదే పద్ధతిలో స్టార్ట్-స్టాప్ బ్యాటరీలకు వేరే పేర్లు పెట్టారు. ఎన్ అన్న ఒక్క అక్షరంలో బి24 డబ్బా సైజు మొత్తం ఇమిడి ఉంది. 55 దాని ర్యాంకు. చివర ఏమీ లేకపోతే ఎల్ రకం, ఎన్-55ఆర్ అని ఉంటే తిరగేసినది. అలాగే ఎం-42 అంటే బి20 డబ్బా, క్యూ-85 అంటే డి23 డబ్బా. అంటే 46బి24ఎల్ మీ కారు ట్రేలో చక్కగా కూర్చుంటుంది, కేబుళ్లు అందుతాయి, బండి ఆ రోజుకు టక్కున స్టార్టవుతుంది. మీకూ తృప్తి, షాపాయనకూ తృప్తి. తేడా తెలిసేది తర్వాత.

ఆ తేడా ఏమిటంటే, మామూలు కారు బ్యాటరీ జీవితమంతా దాదాపు నిండుగానే ఉండేలా తయారైంది. లోపల పల్చటి సీసం పలకలు ఎక్కువ సంఖ్యలో ఉంటాయి. కీ తిప్పినప్పుడు ఒకటి రెండు సెకన్లు పెద్ద ఎత్తున కరెంటు ఇస్తుంది, తనలో ఉన్నదాంట్లో అది చాలా చిన్న వాటా. వెంటనే ఆల్టర్నేటర్ ఆ లోటు పూడ్చేస్తుంది. తర్వాత దానికి పెద్దగా పని ఉండదు.

మీ కారు అలా కాదు. నెల్లూరు వచ్చి ఆత్మకూరు బస్టాండ్ నుంచి వీఆర్‌సీ సెంటర్ దాకా వెళ్లే లోపు ఇంజన్ ఎన్నిసార్లు ఆగి లేస్తుందో చూడండి. ఆగిన ప్రతిసారీ లైట్లు, ఫ్యాను, పాటలు అన్నీ బ్యాటరీ మీదే నడుస్తాయి. లేచిన ప్రతిసారీ సెల్ఫ్ మళ్లీ గుంజుకుంటుంది. అదీ కాక, ఈ కార్లు పెట్రోలు ఆదా కోసం బ్యాటరీని పూర్తిగా నింపవు. బ్రేక్ వేసినప్పుడు, యాక్సిలరేటర్ వదిలినప్పుడు ఊరికే వచ్చే కరెంటును దాచుకోవడానికి కొంత చోటు ఖాళీగా ఉంచుతాయి. అంటే ఈ బ్యాటరీ ఎప్పుడూ కొంత వెలితితోనే బతకాలి. మామూలు బ్యాటరీని అలా వెలితిగా నడిపిస్తే పలకల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడిపోతుంది, చిక్కటి యాసిడ్ అడుగుకు చేరుతుంది, ప్లస్ పలకకు అద్దిన సీసం ముద్ద రాలిపోతూ ఉంటుంది. ఏడాది, ఏడాదిన్నరకే మళ్లీ షాపు మెట్లెక్కాల్సి రావచ్చు. అప్పుడు ఆ మిగిలిన రెండు వేలు ఎక్కడికి పోయాయి?

ఈఎఫ్‌బీ అంటే పెద్ద మాయేమీ లేదు. అదే సీసం, అదే యాసిడ్. కాకపోతే ప్లస్ పలక మీద సన్నటి పాలియెస్టర్ వల కప్పుతారు, ముద్ద రాలకుండా పట్టి ఉంచడానికి. మైనస్ పలకలో కార్బన్ కలుపుతారు, కరెంటు దొరికినప్పుడు చప్పున తీసుకోవడానికి. పలకలు కాస్త మందం. ఈ మార్పులతో, ఖాళీ అవడం, నిండడం అన్న చక్రాన్ని మామూలుదానికి దాదాపు రెట్టింపు సార్లు తట్టుకుంటుందని తయారీదారులు చెబుతారు. మీ కారు అడుగుతున్నది ఈ ఓర్పునే.

‘ఆ స్టార్ట్-స్టాప్ నాకు నచ్చదు, ఎలాగూ బటన్ నొక్కి ఆపేస్తాను, అప్పుడు మామూలుది చాలదా’ అని చాలామంది అడుగుతారు. చాలదు. బటన్ నొక్కితే సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆగడం మానుతుంది అంతే, బ్యాటరీని వెలితిగా ఉంచే ఆ చార్జింగ్ పద్ధతి చాలా కార్లలో అలాగే సాగుతుంది.

ఏజీఎం మాటకొస్తే, నెల్లూరు షాపాయన మిమ్మల్ని మోసం చేయాలని చెప్పి ఉండకపోవచ్చు. అది నిజంగానే ఇంకా గట్టి రకం. అందులో యాసిడ్ నీళ్లలా కదలదు, పలకల మధ్య గాజునారతో చేసిన మెత్తటి పొరల్లో పీల్చుకుని ఉంటుంది. బోర్లాపడ్డా ఒలకదు. ఖాళీ అవడం, నిండడం అన్న లెక్కలో ఈఎఫ్‌బీ కన్నా ముందుంటుంది. ఖరీదైన జర్మన్ కార్లలో కంపెనీయే ఏజీఎం వేసి ఇస్తుంది, వాటికి మళ్లీ ఏజీఎమ్మే వేయాలి, అక్కడ ఈఎఫ్‌బీతో సరిపెట్టుకుంటామంటే కుదరదు. కానీ గమనించండి, అలాంటి కార్లలో చాలావాటికి బ్యాటరీ ఇంజన్ పక్కన ఉండదు, వెనక డిక్కీలోనో సీటు కిందో ఉంటుంది. ఏజీఎంకు వేడి అంతగా పడదు. మీ కారులో బ్యాటరీ ఇంజన్ పక్కనే ఉంటుంది. రోహిణి కార్తెలో నెల్లూరులోనే ఎండ 44, 45 డిగ్రీలకు పోతే, అప్పుడే ఆగిన కారు బోనెట్ కింద ఎంత ఉంటుందో ఊహించుకోండి. ఆ చోట వేడిని తట్టుకోవడంలో ఈఎఫ్‌బీయే నయం. సాధారణ బ్యాటరీకి దాదాపు రెట్టింపు డబ్బు పెట్టి ఏజీఎం కొని, దాన్ని ఇంజన్ వేడిలో కూర్చోబెట్టడం నాకు సబబుగా అనిపించదు. కంపెనీ ఈఎఫ్‌బీ ఇచ్చిన చోట ఈఎఫ్‌బీ వేయండి.

ఇది చదివే మిగతావాళ్లకు కూడా ఒక మాట. రకం విషయంలో పైకి వెళ్లొచ్చు, కిందికి దిగకూడదు. మామూలు బ్యాటరీ వచ్చిన కారుకు మామూలుదే చాలు. డ్యాష్‌క్యామ్ బిగించి, బండి ఎక్కువ రోజులు ఊరికే ఉంచేవాళ్లు కావాలంటే ఈఎఫ్‌బీ వేసుకోవచ్చు, నష్టం లేదు. స్మార్ట్ హైబ్రిడ్ అని రాసి ఉండే మారుతి కార్లలో కొన్నింటికి సీటు కింద చిన్న లిథియం బ్యాటరీ కూడా ఉంటుంది. దాన్ని మామూలు బ్యాటరీ షాపులో ముట్టుకోనివ్వకండి, అది సర్వీస్ సెంటర్ పని. ఆన్‌లైన్‌లో ఈ మధ్య అమ్ముతున్న 12 వోల్టుల లిథియం బ్యాటరీలను మన ఎండలకు ఇంజన్ పక్కన పెట్టమని నేను చెప్పను.

వేడి సంగతి వచ్చింది కాబట్టి ఇంకొంచెం చెప్పాలి. చలిదేశాల్లో బ్యాటరీని గడ్డకట్టే చలిలో ఎంత బలం ఇస్తుందో చూసి కొంటారు. డబ్బా మీద సీసీఏ అని ఉండే అంకె అదే, సున్నాకు 18 డిగ్రీలు దిగువన కొలిచేది. అది మనకు పనికిరాని అంకె అనను, బ్యాటరీ ఆరోగ్యం పరీక్షించడానికి పనికొస్తుంది. కానీ ‘దీనికి సీసీఏ ఎక్కువ’ అని అదనంగా డబ్బు అడిగితే కనిగిరి, పొదిలి వైపు మే నెలలో తిరిగే బండికి దానివల్ల ఒరిగేది తక్కువ. మన శత్రువు చలి కాదు. వేడి సుమారు 10 డిగ్రీలు పెరిగితే లోపలి రసాయన చర్యల వేగం దాదాపు రెట్టింపవుతుంది, నీళ్లు ఆవిరవుతాయి, ప్లస్ పలక లోపలి చట్రం తినేసుకుపోతుంది. తమాషా ఏమిటంటే వేసవిలో దెబ్బతిన్న బ్యాటరీ వేసవిలోనే ఆగిపోవాలని లేదు. కార్తీకంలో తుఫాను వానలు పట్టుకున్నప్పుడు వైపర్లు, లైట్లు, అద్దం మీద ఆవిరి పోవడానికి బ్లోయరు అన్నీ ఒకేసారి వేస్తాం చూడండి, అప్పుడు బయటపడుతుంది.

అందుకే మీ పాత బ్యాటరీ చుట్టూ నల్లటి తొడుగు ఏదైనా ఉందేమో చూసుకోండి. గుడ్డలాంటిదో, పల్చటి ప్లాస్టిక్ డబ్బాలాంటిదో ఉంటుంది. ఇంజన్ వేడి తగలకుండా కంపెనీ వేసింది అది. బ్యాటరీ మార్చేటప్పుడు ‘ఇదెందుకక్కా’ అని మెకానిక్కులు తీసి పక్కన పారేస్తుంటారు. అడిగి మళ్లీ వేయించండి.

తమ్ముడి మాటకొద్దాం. ప్రేమతో అన్నాడు, కాదనను. కానీ జనరేటర్ బ్యాటరీ లారీ సైజుది, మీ ట్రేలో పట్టదు. తాళ్లతోనో తీగలతోనో కట్టి ఎలాగో నిలబెట్టినా, ఎత్తు ఎక్కువై పోల్ బోనెట్ రేకుకు తగిలిందంటే షార్ట్ అయి నిప్పు అంటుకుంటుంది. అన్నింటికన్నా ముఖ్యం, ఆ బ్యాటరీ చెరువు దగ్గర ఉండాల్సింది. రాత్రి కరెంటు పోయి జనరేటర్ అందుకోకపోతే ఏరియేటర్లు ఆగిపోతాయి, నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, తెల్లారేసరికి చెరువు ఏమవుతుందో మీ తమ్ముడికి నేను చెప్పక్కర్లేదు. ఇన్వర్టర్ బ్యాటరీ కూడా అంతే, అది కొద్దికొద్దిగా గంటల తరబడి కరెంటు ఇచ్చే రకం, సెల్ఫ్ కొట్టడానికి తయారైంది కాదు. ఒకవేళ తమ్ముడి ఉద్దేశం ‘పెద్దది వేస్తే ఎక్కువ కాలం వస్తుంది’ అని అయితే, అదే డబ్బా సైజులో అదే రకంలో కాస్త ఎక్కువ సామర్థ్యం దొరికితే వేసుకోవచ్చు, ఆల్టర్నేటర్ పాడైపోతుందన్న భయం ఒట్టిది.

ఇక కొనేటప్పుడు. కావలిలో ఎన్-55 స్టాకు లేకపోతే నెల్లూరు నుంచి తెప్పించమనండి, ఒక రోజు ఆలస్యమైతే ఏమీ కాదు. బ్రాండ్ గురించి అడగలేదు గానీ అడుగుతారని తెలుసు. పేరున్న పెద్ద కంపెనీలు ఈ రకం తయారుచేస్తున్నాయి. అమరాన్ మన పక్కనే తిరుపతి దగ్గర కరకంబాడిలో తయారవుతుందని మనవాళ్లకు అదొక అభిమానం, ఉండటంలో తప్పులేదు. కానీ అభిమానించే కంపెనీది ఆరేడు నెలలుగా షాపులో మగ్గినదాని కంటే, వేరే పెద్ద కంపెనీది నిన్న మొన్న వచ్చింది మేలు. బ్యాటరీ అమ్ముడుపోకుండా ఉన్నా లోపలి చార్జ్ కరిగిపోతూనే ఉంటుంది. రేకుల షెడ్డులాంటి వేడి షాపులో ఇంకా త్వరగా. డబ్బా మీద తయారీ తేదీ సంకేతంలో ముద్రించి ఉంటుంది, ఒక్కో కంపెనీది ఒక్కో తీరు. దాన్ని చదివి చెప్పమని షాపాయన్నే అడిగి, ఆ నెల, సంవత్సరం బిల్లు మీద రాయించుకోండి. మూడు నెలల లోపుదైతే బాగుంది. ఆరు నెలలు దాటితే వేరేది అడగండి. బిగించే ముందు మీటర్ పెట్టి చూపించమనండి, కొత్త బ్యాటరీ 12.5కు తగ్గకూడదు.

పైన పచ్చగా వెలిగే చిన్న కన్ను చూపించి ‘ఫుల్ ఉందక్కా’ అంటారు. ఆ కన్ను బ్యాటరీ లోపలి ఆరు గదుల్లో ఒక్కదాని సంగతే చెబుతుంది. మీటర్ అంకెనే నమ్మండి.

పోల్స్ మందం కూడా చూడాలి. మీ డబ్బా సైజులోనే సన్న పోల్స్‌వి, లావు పోల్స్‌వి రెండూ ఉన్నాయి. 46బి24ఎల్‌ఎస్ అని చివర ఎస్ ఉంటే లావువి. పాతది ఏదైతే అదే కావాలి. సన్నటి పోల్‌కు పెద్ద క్లాంపు వదులైతే, మధ్యలో రేకు ముక్క దూర్చి సుత్తితో కొట్టి ‘అయిపోయింది’ అనేవాళ్లున్నారు. గతుకుల రోడ్డు మీద నాలుగు రోజులు తిరిగితే అది వదులైపోతుంది. బ్యాటరీ కదలకుండా పట్టి ఉంచే బ్రాకెట్ కూడా మర్చిపోకుండా బిగించాలి. అదురుకు పలకలు విరుగుతాయి.

వారంటీలో పెద్ద అక్షరాల అంకెను చూడొద్దు. 36 నెలలు అని ఉంటే అందులో కొన్ని నెలలే ఉచితంగా మార్చిచ్చేవి, 18 అనుకోండి, మిగతా నెలల్లో పాడైతే కొత్తదాని ధరలో కొంత శాతం తగ్గిస్తారు అంతే, ఆ తగ్గింపు కూడా నెలలు గడిచేకొద్దీ కరిగిపోతుంది. రెండు బ్యాటరీలను పోల్చేటప్పుడు ఉచిత నెలలను మాత్రమే పక్కపక్కన పెట్టి చూడండి. కార్డు మీద షాపు ముద్ర, తేదీ, బ్యాటరీ సీరియల్ నంబరు, మీ కారు నంబరు రాయించుకుని ఫోటో తీసి పెట్టుకోండి. రేపు బ్యాటరీ పాడైనప్పుడు కార్డు కనిపించక ఇల్లంతా వెతుక్కునే బాధ తప్పుతుంది.

బిగించాక గడియారం, రేడియో సెట్టింగులు పోవచ్చు, డ్రైవరు అద్దం ఒక్క నొక్కుతో పైకి వెళ్లడం మానేయవచ్చు. అద్దాన్ని పూర్తిగా పైకి లేపి బటన్‌ను కొన్ని సెకన్లు అలాగే పట్టుకుంటే చాలా కార్లలో సర్దుకుంటుంది. స్టార్ట్-స్టాప్ కొన్ని రోజులు పనిచేయకపోయినా భయపడొద్దు, కారు కొత్త బ్యాటరీని అర్థం చేసుకోవడానికి టైం తీసుకుంటుంది. వారం దాటినా పనిచేయకపోతే సర్వీస్ సెంటర్‌లో స్కానర్ పెట్టి, బ్యాటరీ మారిందని కారుకు నమోదు చేయించాలేమో అడగండి. ఇకముందు కూడా ఇది గుర్తుపెట్టుకోండి, సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆగడం మానేసిందంటే బ్యాటరీ నీరసపడుతోందని చాలాసార్లు మొదటి కబురు అదే.

మీ వాడకానికి ఒక అలవాటు కావాలి. వారానికి ఒక్కసారైనా హైవే ఎక్కి ముప్పై నలభై నిమిషాలు ఆగకుండా నడపండి. అత్తమ్మను నెల్లూరు ఆసుపత్రికి తీసుకొస్తే ఆ దూరం చాలు. ఇంటి ముందు పది నిమిషాలు ఇంజన్ ఆన్ చేసి వదిలేయడం వల్ల పెట్రోలు ఖర్చు తప్ప బ్యాటరీకి చేరేది కొంచెమే. అలా కుదరదనుకుంటే, ఇంట్లో ప్లగ్‌కు పెట్టుకునే ఆటోమేటిక్ చార్జర్లు దొరుకుతాయి, ఈఎఫ్‌బీకి పనికొస్తుందని డబ్బా మీద రాసి ఉన్నది కొనుక్కోండి. నెలకొకసారి రాత్రంతా పెడితే మీలాంటి వాడకానికి అంతకన్నా మంచిది లేదు. బ్యాటరీ సీలు వేసినదైతే నీళ్లు పోసే పని లేదు. మూతలు తెరుచుకునే రకం ఉన్నవాళ్లు డిస్టిల్డ్ వాటర్ తప్ప ఆర్‌ఓ నీళ్లు కూడా పోయకూడదు.

కొత్తది వచ్చేదాకా పక్కింటివాళ్ల కారుతో కేబుల్ కలపక తప్పదు కాబట్టి వరస తెలుసుకోండి. ఎర్ర కేబుల్ ముందు మీ బ్యాటరీ ప్లస్‌కు, తర్వాత వాళ్ల ప్లస్‌కు. నల్ల కేబుల్ ముందు వాళ్ల మైనస్‌కు, రెండో కొసను మీ బ్యాటరీ మైనస్‌కు కాకుండా మీ ఇంజన్ మీద రంగు లేని ఇనుప భాగానికి, బ్యాటరీకి కాస్త దూరంగా తగిలించాలి. బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, చివరి కొస తగిలించేటప్పుడు లేచే నిప్పురవ్వ దాని దగ్గర పడకూడదు. మైనస్ మీదున్న సెన్సర్‌కు కూడా అలా ఇబ్బంది ఉండదు. తీసేటప్పుడు ఇదే వరస తిరగేయండి.

పాత బ్యాటరీకి షాపువాళ్లు డబ్బు తగ్గిస్తారు, ఎంత తగ్గించారో బిల్లులో విడిగా రాయించుకోండి. అందులో బరువులో సగానికి పైగా సీసమే, దానికి ధర ఉంది. ఇనుప సామాన్ల బండి ఆయన వంద ఎక్కువ ఇస్తానన్నా ఇవ్వకండి. సుత్తితో పగలగొట్టి యాసిడ్‌ను కాలవలో పారబోస్తారు, సీసం దుమ్ము అక్కడ ఆడుకునే పిల్లల ఒంట్లోకి పోతుంది. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలను వెనక్కి తీసుకుని శుద్ధికి పంపే బాధ్యత తయారీదారులది. షాపులో ఇచ్చేస్తే అది అటే వెళుతుంది.